తీగ వచ్చింది... వేగమేదీ?

100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నా, పడగ్గదిలో పిల్లల ఆన్‌లైన్ పాఠం ఆగి ఆగి వస్తోందా? తప్పు తీగది కాకపోవచ్చు. వెంట్రుకంత సన్నని గాజుపోగులో కాంతి రూపంలో ఇంటిదాకా వచ్చే సమాచారాన్ని గదులకు పంచేది రూటరే. గోడలు, ఇనుప బీరువాలు వై-ఫైకి అడ్డుపడతాయి. అందుకే గోడకు రంధ్రం వేయకముందే రూటర్‌కి ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో చోటు చూసుకోవాలి. టీవీ వెనక దాచకూడదు. మూలల్లో ఫైబర్‌ని మడతపడేలా వంచితే కాంతి బయటికిపోయి సిగ్నల్ బలహీనపడుతుంది. ఆపైన ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో రూటర్‌కి కలిపి వేగం పరీక్షించాలి. అక్కడ సరిగ్గా ఉండి, గదిలోనే తగ్గుతుంటే ఎక్కువ డబ్బు కట్టి పెద్ద ప్లాన్ తీసుకోవడం దండగ. ముందు రూటర్ చోటు మార్చి చూడాలి.