వలకు భృతి, బండికి అప్పు

2020 ఏప్రిల్‌లో విశాఖ ఆర్కే బీచ్ ఫొటోలు అందరి ఫోన్లలోనూ తిరిగాయి. కాళీమాత గుడి ముందు జనం లేరు, కురుసుర జలాంతర్గామి దగ్గర క్యూ లేదు, ఇసుకలో ప్లాస్టిక్ కప్పులూ లేవు. సముద్రానికి విశ్రాంతి దొరికిందని మేడల మీదివాళ్లు మురిసిపోయారు.

ఆ ఫొటోల్లో లేనిది చెత్త ఒక్కటే కాదు. మురీ మిక్చర్ బళ్లు లేవు. మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆడవాళ్లు లేరు. మెడలో కెమెరాతో ‘ఫొటో సార్’ అంటూ వెంటపడే కుర్రాళ్లు లేరు. వీళ్లకు ఏడాది గడిచేది వేసవి సెలవుల బేరంతోనే. సరిగ్గా ఆ సీజన్ ముంగిట, మార్చి 25న కరోనా లాక్‌డౌన్ పడింది.

సడలింపులొచ్చాక బీచ్ రోడ్డులో గుర్రం తిప్పే ఒకాయన్ని పలకరించాను. “ఫొటోలోళ్లు కెమెరా బీరువాలో పెట్టీసి కూకుంటారు బాబూ. దీనికి రోజూ ఉలవలెయ్యాల గదా” అన్నాడు. గుర్రం డొక్కలు లోపలికి పోయాయి. జీను మీద కుట్టిన అద్దాలు మాత్రం తళతళలాడుతున్నాయి.

అదే తీరంలో వలవాడికి ఏటా వేట నిషేధం అలవాటే. ఆ ఏడాది తూర్పు తీరంలో దాన్ని 61 రోజుల నుంచి 47కి కుదించారు. పనిలేని ఆ రోజులకు రాష్ట్ర ప్రభుత్వం మత్స్యకార భరోసా కింద కుటుంబానికి పది వేలు ఇచ్చింది. మంచి పనే. మరి బండివాడికి? కార్డున్న అందరితోపాటు రేషన్ బియ్యం, వెయ్యి రూపాయలు అందాయి. తర్వాత జూన్‌లో కేంద్రం స్వనిధి, నవంబరులో రాష్ట్రం జగనన్న తోడు తెచ్చాయి. రెండూ పది వేల అప్పులే. వడ్డీ భారం తగ్గించారు, నిజమే. కానీ కొనేవాడే రాని చోట పెట్టుబడి తెచ్చి ఏం చేసుకోవాలి?

ఆ ఏడాది అక్టోబరులోనే విశాఖ రుషికొండ బీచ్‌కు, శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు ప్రకటించారు. సంతోషమే. అయితే జనం లేని తీరం శుభ్రంగా ఉండటం గొప్పేం కాదు. ఆదివారం సాయంత్రం, బళ్ల మధ్య, పిల్లల మధ్య శుభ్రంగా ఉంచగలిగితే అప్పుడు మెచ్చుకుందాం. అందుకు బండివాడిని తరమక్కర్లేదు. పేరు రాసుకుని, కార్డిచ్చి, బండి పక్కన చెత్తబుట్ట బాధ్యత అప్పగిస్తే చాలు.

ఆ జాబితా చేతిలో ఉంటే రెండో పనీ సులువవుతుంది. చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రాన్ని మూస్తే వలవాడికి భృతి ఇవ్వాలని ఒప్పుకున్నాం. మన ప్రాణాలు కాపాడుకోవడానికి తీరాన్ని మూసినప్పుడు బండివాడికి ఇవ్వాల్సిందీ భృతే, అప్పు కాదు.