అచ్చుప్రతుల పరిష్కరణ – చేతిపని ఆవశ్యకత

మన ప్రాచ్య కళాశాలలలో పాఠ పరిష్కరణను బోధించేటప్పుడు తాళపత్రాలకిచ్చే ప్రాధాన్యాన్ని అచ్చుప్రతులకు ఈయడం లేదు. లేఖకుడు పొరబడే తీరులన్నీ విద్యార్థికి వివరిస్తాము. అచ్చయిన గ్రంథం దగ్గరకు వచ్చేసరికి ‘ముద్రణ దోషము’ అనే ఒక్క మాటతో దాటవేస్తాము. ఆ దోషం ఏ పనిలో, ఎవరి చేతిలో పుట్టినదో విచారించము.

1623లో లండనులో అచ్చయిన షేక్స్పియరు నాటక సంపుటి ‘ఫస్ట్ ఫోలియో’ ఇందుకు మంచి నిదర్శనం. దాని ప్రతులను ఒకదానితో ఒకటి సరిపోల్చి ఛార్ల్టన్ హిన్మన్ 1963లో ప్రకటించిన పరిశోధన వలన, పుటలను వరుసగా కూర్చలేదని తేలినది. మూడు కాగితాలను మడిచి ఒకదానిలో ఒకటి పెడితే 12 పుటలు. నడుమనుండే 6, 7 పుటలు ఒకే ఫారంలో పడతాయి కనుక సాధారణంగా వాటినే ముందు కూర్చేవారు. అందుకై మొదటి అయిదు పుటలలో ఎంత పాఠం పట్టునో ముందే అంచనా కట్టవలసి వచ్చేది. అంచనా తప్పి చోటు చాలకపోతే పద్యాన్ని గద్యంవలె ఇరికించడం, చోటు మిగిలితే ఒక పాదాన్ని రెండు పంక్తులుగా విరవడం! కవి ఛందస్సును గురించి వాదించడానికి ముందు కంపోజిటరు లెక్కను చూడవలసి ఉన్నది. దీనిని నల్లబల్లపై గీసి చెప్పడం కష్టం. కాగితం మడిచి అంకెలు వేసుకొన్న విద్యార్థికి క్షణంలో బోధపడుతుంది. ఎలిజబెత్ కాలపు గ్రంథాలను పరిష్కరింపబూనేవారు ఒకటి రెండు ఫారాలైనా స్వయంగా కూర్చి, ఆనాటి పద్ధతి యంత్రంపై అచ్చొత్తితే మేలని ఆర్. బి. మెకెరో 20వ శతాబ్ది తొలినాళ్లలోనే సూచించినాడు.

మనకిది అక్కరలేదనే వాదం నిలువదు. గుణింతాలు, ఒత్తులతో తెలుగు కేసులో గదులు ఆంగ్లం కంటె ఎన్నో రెట్లు. విప్పిన అక్షరాలలో ‘ధ’ ఒకటి ‘థ’ గదిలో పడితే, కంపోజిటరు మూలాన్ని సరిగా చదివినా పుట తప్పుతుంది. లేఖకుని తప్పు కంటిదో చెవిదో. ఇది చేతి తప్పు. తాళపత్రం నశించి తొలి ముద్రణమే ఆధారమైన చోట ఈ భేదమెరుగని పరిష్కర్త లేని పాఠాంతరాన్ని కల్పిస్తాడు.

ఆఫ్‌సెట్టు, కంప్యూటరు వచ్చిన పిమ్మట తెలుగు సీసపు అక్షరాలు చాలావరకు కరిగిపోయిన మాట నిజమే. అయినా పూర్తి అచ్చుకూటం అవసరం లేదు. ఏ మూలనో మిగిలిన ఒక కేసు, ఒక స్టిక్కు, ప్రూఫు తీసే చిన్న యంత్రం, ఒక పద్యం చాలును. సీసం కనుక పని ముగియగానే చేతులు కడుగుకొనే ఏర్పాటుండాలి. అక్షరాలను విప్పి గదులలో వేసే పని కూడా విద్యార్థులచేతనే చేయించాలి. తరువాతి జట్టు ప్రూఫులోని తప్పులకు కారణం కొంత అక్కడే దొరుకుతుంది.