కేబుల్ తగిలించేవాళ్ళకీ ఓ కాలమ్ ఇవ్వండి

మన ఐటీ వాళ్ళకో జబ్బుంది. డేటా ఏపీఐలోంచి పుడుతుందనుకుంటాం. భూగర్భజలాల టెలిమెట్రీతో కొన్నాళ్ళు కుస్తీ పట్టాక నాకు అర్థమైందేంటంటే, అది పుట్టేది పీజోమీటరు మూత దగ్గర, మిట్టమధ్యాహ్నం ఎండలో, సెన్సారుకి కేబుల్ తగిలించే చేతుల్లో.

బోరులో వేలాడే ప్రెషర్ సెన్సారు తన మీదున్న నీటి బరువు కొలుస్తుంది. నీటి మీద గాలి బరువు కూడా ఉంటుంది కదా, దాన్ని తీసెయ్యడానికి కేబుల్లో వైర్ల పక్కనే ఓ సన్నటి గొట్టం పైదాకా వస్తుంది. (గొట్టం లేని రకాలూ ఉన్నాయి, వాటి గోల వేరు.) కనెక్టరు బిగించేటప్పుడు ఆ గొట్టం నోట్లో చుక్క నీరో, కాస్త గ్రీజో పడిందా, అంతే సంగతులు. గ్రీజు రాయాల్సింది ఓ-రింగుకి, అదీ పల్చగా. రింగు మీద ఇసుక రేణువున్నా తడి దూరుతుంది. పై చివరనుండే సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి తిరిగితే మార్చెయ్యాలి.

తమాషా ఏంటంటే, గొట్టం మూసుకుపోయినా ఎర్రర్ రాదు. డ్యాష్‌బోర్డులో పచ్చ లైటే! మన వైపు గాలి పీడనం రోజుకి రెండుసార్లు, ఉదయం 10కీ రాత్రి 10కీ అటూ ఇటూగా పెరుగుతుంది. 1 మిల్లీబారంటే దాదాపు 1 సెంటీమీటరు నీళ్ళు. గ్రాఫులో రెండు మూడు సెంటీమీటర్ల అల కనిపిస్తుంది. గాలి పీడనం పెరిగితే బోరులో మట్టం నిజానికి తగ్గాలి, లేదా కదలకుండా ఉండాలి. ఇక్కడ పెరుగుతుంది. దొంగ దొరికేది అక్కడే. తుఫానుకి పీడనం 20 మిల్లీబార్లు పడిందనుకోండి, బయట కుండపోత, గ్రాఫులో మట్టం 20 సెంటీమీటర్లు కిందకి.

మనమేం చేస్తాం? నాయిస్ అని పేరెట్టి సగటు తీసేస్తాం. నేను చూసిన ఒక ప్రాజెక్టులో స్మూతింగ్ మీద మీటింగుల మీద మీటింగులు. సిలికా జెల్ ఎప్పుడు మార్చారో రాసుకోడానికి మాత్రం డేటాబేసులో ఒక్క కాలమ్ లేదు. అడిగితే "అది ఫీల్డు వాళ్ళ గొడవండీ" అన్నారు.

రెండు సెంటీమీటర్లతో ఊరి తలరాత మారదు, ఒప్పుకుంటా. కానీ తడి అక్కడితో ఆగదు. సెన్సారు దాకా పోతుంది, రీడింగు నెలల తరబడి మెల్లిగా పక్కకి జారుతుంది. 2002 వాల్టా చట్టం కింద, నీరు మితిమీరి తోడేశారని ప్రకటించిన చోట కొత్త బోర్ల మీద ఆంక్షలుంటాయి. ఆ నిర్ణయాల వెనకుండే లెక్కల్లోకి వెళ్ళేవి ఇలాంటి మట్టాలే. బోరు అనుమతి కోసం తిరిగే రైతుకి మన స్మూతింగ్ ఏం తెలుసు?

నేను అడిగేది మూడే కాలమ్‌లు: కనెక్టరు విప్పి బిగించిన తేదీ, జెల్ రంగు, ఆరోజు టేపుతో చేత్తో కొలిచిన మట్టం. ఫారమ్ తెలుగులో ఉండాలి. బటన్లు కాస్త పెద్దవి పెట్టండి బాబూ, నొక్కే చేతికి గ్రీజుంటుంది.