టీపొడి: రంగుకే గిరాకీ

మిర్చి టిక్కీ విప్పగానే తాలుకాయ ఎంతో, తేమ ఎంతో చేత్తో పట్టి చెప్పే వర్తకులకు మన యార్డుల్లో కొదవ లేదు. పసుపు కొమ్మును విరిచి, ఆ విరిగిన చప్పుడుతోనే అది ఎండిందీ లేనిదీ తేల్చేవారున్నారు. ఆ పెద్దమనుషులే రోజుకు నాలుగైదు సార్లు తాము తాగే టీ దగ్గరికి వచ్చేసరికి గ్లాసులో రంగు చూసి ‘స్ట్రాంగుగా ఉంది’ అని సర్టిఫికెట్టు ఇచ్చేస్తున్నారు. ఈ విలేఖరికి చాలాకాలంగా మింగుడుపడని సంగతి ఇది.

తేయాకు కూడా మచ్చు చూసి బేరమాడే సరుకే. కలకత్తాలో 1861లో మొదలైన వేలం పద్ధతి 1947లో కొచ్చిన్‌కు, 1963లో కూనూరుకు, 1970లో గౌహతికి విస్తరించింది. ఇప్పుడు పాట కంప్యూటర్ మీద సాగుతున్నా మచ్చు మాత్రం కంప్యూటర్‌లో దిగదు. వేలానికి ముందు బ్రోకర్లు ప్రతి లాటు మచ్చునూ కాచి, పుక్కిలించి ఉమ్మి, ధర అంచనా వేస్తారు. కొనేవారూ అదే పని చేస్తారు. అంత జాగ్రత్తతో కొన్న సరుకు మన ఊరి చిల్లర కొట్టుకు చేరేసరికి మచ్చు అడిగే నాథుడు ఉండడు.

మన ప్రాంతంలో చెల్లుబాటయ్యేది ఎక్కువగా డస్టు రకం. పేరు విని ఊడ్చిపోసిన చెత్త అనుకోనక్కరలేదు. ఆకును నలిపి, చీల్చి, చుట్టే సీటీసీ యంత్రం 1930 దశకంలో అస్సాంలో పుట్టింది. దాని నుంచి వచ్చే గుళికలను జల్లెడ పట్టగా దిగే సన్నరకమే డస్టు. రేణువు సన్నన కనుక సారం త్వరగా దిగుతుంది, పాలు పోసినా నిలుస్తుంది. హోటళ్లకు కావలసింది అదే.

అసలు చిక్కు ‘స్ట్రాంగు’ అనే మాట దగ్గర వస్తోంది. రుచి చూసేవారి భాషలో రంగు వేరు, చిక్కదనం వేరు, నాలుక మీద చురుక్కుమనే గుణం వేరు. ఆ చురుకును బ్రిస్క్‌నెస్ అంటారు. దానికీ, కాంతికీ కారణం థియాఫ్లావిన్లు. ముదురు రంగునూ చిక్కదనాన్నీ ఇచ్చేవి థియారూబిజిన్లు. మే నడుమ నుంచి జూన్ దాకా వచ్చే అస్సాం రెండో కోతలో ఈ గుణాలన్నీ ఒకచోట దొరుకుతాయి. వానల్లో దిగుబడి పెరుగుతుంది, సారం పలచబడుతుంది. కొనేవాడు రంగొక్కటే అడిగితే అమ్మేవాడు రంగే ఇస్తాడు. దాని కోసం తోట దాకా వెళ్లనక్కరలేదు. వాడేసిన పొడిని ఎండబెట్టి రంగు కలపడం, జీడిపప్పు పొట్టు కలపడం వంటి కల్తీలు ఇందుకే బతుకుతున్నాయి.

మొన్న ఒక మిత్రుడి కమీషన్ కొట్లో మూడు చోట్ల కొన్న విడి టీపొడిని తడి వడపోత కాగితం మీద చల్లి చూశాం. పొడి దులిపి, కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురుకు పట్టుకున్నాం. రెండు కాగితాలు తెల్లగానే ఉన్నాయి. మూడోదాని మీద కుంకుమ ఒలికినట్టు మరక పడింది. అదే ఆ మూడింటిలో చవక సరుకు. గుమాస్తాలందరూ ‘అన్నిటికంటే స్ట్రాంగు’ అని మెచ్చుకున్నదీ అదే! అయస్కాంతం కూడా తిప్పి చూడవచ్చు. యంత్రాల అరుగుదల వల్ల కొద్దిపాటి ఇనుప రజను సహజం, కిలోకు 250 మిల్లీగ్రాముల వరకు నిబంధనలు ఒప్పుకుంటాయి. అంతకు మించితేనే తప్పు. రంగుకు మాత్రం అలాంటి మినహాయింపు లేదు. కల్తీ సరుకు కొట్లో ఉంచుకోవడమే 2006 ఆహార భద్రత చట్టం కింద శిక్షార్హమని విడి టీపొడి వ్యాపారులు గుర్తుంచుకోవడం మంచిది.

చవక సరుకుతో లాభం ఉందా అంటే, లెక్క వేసి చూద్దాం. మంచి డస్టు కిలో 400 రూపాయలు, నాసిరకం 300 రూపాయలు అనుకుందాం. మంచిది గ్లాసుకు 2 గ్రాములు చాలు. కిలోకు 500 గ్లాసులు, అంటే గ్లాసుకు 80 పైసలు. నాసిరకం అదే పస రావాలంటే 3 గ్రాములు పడుతుంది. 333 గ్లాసులకే కిలో ఖాళీ, గ్లాసుకు 90 పైసలు. లీటరు 70 రూపాయల పాలు 50 మిల్లీలీటర్లు పోస్తే ఒక్క పాలకే మూడున్నర రూపాయలు. అంత ఖరీదైన పాలలో పైసల పొడి దగ్గర కక్కుర్తి పడటం ఏ వ్యాపార సూత్రమో తెలియదు. తక్కెడలో 300 చవక, గ్లాసులో 400 చవక. కిలో ధర చూసి కొనేవారు బీకాం మొదటి సంవత్సరంలో కాస్టింగు పాఠం ఎగ్గొట్టి ఉండాలి.

ఇక కాచడం. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1980లో రుచి పరీక్షకు నిర్ణయించిన కొలత 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాములు, ఆరు నిమిషాలు. అది పరీక్షకుల సంగతి. డస్టుకు మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు చాలు, ఆపైన చురుకు పోయి చేదు మిగులుతుంది. పొడిని మొదటినుంచీ పాలలో పడేసే అలవాటు మంచిది కాదు, నీళ్లలో దిగినంత సారం పాలలో దిగదు. హైదరాబాదు ఇరానీ హోటళ్లు డికాషన్ వేరుగా, పాలు వేరుగా కాచి కప్పులో కలపడం ఊరికే కాదు. బోరు నీళ్లయితే మరో ఇబ్బంది. ఉప్పు నీటితో కాచిన టీ మీద తెట్టు కడుతుంది, రంగు మసకబారుతుంది. హోటలువాడు అది పొడి లోపమనుకుని ఇంకో చెంచా వేస్తాడు. పొద్దుటి పిప్పి మీదే కొత్త పొడి వేసి మధ్యాహ్నం దాకా మరిగించేవారి గురించి రాయకపోవడమే మర్యాద.

పొడిని మసాలా బస్తాల పక్కన ఉంచరాదని కిరాణా వర్తకులకు చెప్పాలా? టీపొడి తేమనూ, వాసననూ ఇట్టే పీల్చుకుంటుంది. అయినా ఇంగువ వాసన కొట్టే టీ ఈ విలేఖరి తాగిన సందర్భాలు లేకపోలేదు.

పై లెక్కంతా మా ఆఫీసు సందులో టీ కొట్టు నడిపే బాబాయికి చెప్పాను. ఓపిగ్గా విని, ‘రంగు తగ్గితే నీళ్ల టీ అని గ్లాసు వెనక్కి ఇస్తారు సార్, అప్పుడు మీరొచ్చి చెబుతారా?’ అన్నాడు. జవాబు తోచలేదు. కాసేపాగి, అరకిలో మచ్చు తెచ్చివ్వమనీ, సోమవారం యార్డు మనుషులకు చెప్పకుండా పోసి చూస్తాననీ తనే అన్నాడు.