పసికందు చేసిన పాపమేమి?

ఆదాము చేసిన అపరాధానికి అప్పుడే జన్మించిన శిశువు దోషి ఎట్లు కాగలదు? క్రైస్తవంలోనే ఈ ప్రశ్న లేవనెత్తినవాడు పెలేజియస్. ఆదాము పాపం ఆదామునకే హాని చేసినదనీ, మానవుడు స్వభావతః సత్కర్మాచరణకు సమర్థుడనీ అతని వాదం. అగస్టీన్ దానిని ఖండించాడు. 418లో కార్తేజి సభ నిషేధించింది. బాప్తిస్మం లేక మరణించిన శిశువుకు సైతం, అతిస్వల్పమే అయినా, దండన తప్పదని అగస్టీన్ నిర్ణయం. స్వల్పమట! స్తన్యం తప్ప మరేమీ ఎరుగని ప్రాణికి ఏ దండన స్వల్పం? ప్రాచ్య క్రైస్తవులు మాత్రం ఆదాము నుండి సంక్రమించేది మరణమే గాని అపరాధం కాదంటారు. అది కొంత న్యాయం.

సనాతన ధర్మంలోనూ జన్మతో పాపం వస్తుంది కదా అని పూర్వపక్షం. వస్తుంది. కాని అది ఆ జీవుడు పూర్వజన్మలో స్వయంగా చేసినదే, అనుభవంతో క్షయించేదే. పుణ్యమూ అట్లే వెంట వస్తుంది. అగస్టీన్ లెక్కలో ఆ శిశువుకు అది లేదు.