బస్సు కిటికీలోంచి అగ్నిపర్వతం

సంపాదకుల వారికి,

మొన్నటి ఆదివారం అనుబంధంలో హవాయి అగ్నిపర్వతాల జాతీయ పార్కు మీద వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. నా పేచీ మిగతాదానితోనే. పెద్దవయసు వాళ్ళు అక్కడ నడక జోలికి పోవద్దనీ, గైడున్న బస్సు టూరు తీసుకుంటే ఒక్క పూటలో అంతా చూసేయొచ్చనీ మీ వ్యాసకర్త సెలవిచ్చారు. పైగా బాక్సు కట్టి మరో సలహా: గుర్తుగా ఒక నల్లరాయి బ్యాగులో వేసుకోండి అని! అమెరికాలో పిల్లలున్న అమ్మానాన్నలు మా వీధిలోనే బోలెడుమంది. ఇలాంటివి ఫొటో తీసి వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకుంటారు. నాకూ అలాగే వచ్చింది, ముగ్గురి దగ్గర్నుంచి.

మీ వ్యాసకర్త మెచ్చుకున్నటువంటి టూరే నేనూ ఎక్కాను కనుక ఆ ఒక్క పూట భాగోతం కాస్త వినండి. కోనా వైపు హోటలు దగ్గర తెల్లారకుండానే ఎక్కించుకున్నారు. మొదట కాఫీ తోట. చిన్న కప్పుల్లో తలో గుక్క పోసి, ప్యాకెట్లున్న బల్ల దగ్గరికి నడిపించారు. తర్వాత పునలూ నల్ల ఇసుక తీరం, తాబేళ్ళు. అది బాగుంది, కాదనను. తర్వాత మకడమియా పప్పుల దుకాణం. అక్కడ మాత్రం ఎవరికీ తొందర లేదు. ఉప్పు వేసినవి, తేనె పట్టించినవి, చాక్లెట్ పూసినవి అన్నీ రుచి చూసి, డబ్బాలు కొనుక్కుని, బిల్లు కట్టేదాకా బస్సు ఓపిగ్గా నిలబడింది. అగ్నిపర్వతం దగ్గరికి వచ్చేసరికి ఆ ఓపిక అయిపోయింది. అంచు మీద దింపి, "ఫొటోలు తీసుకోండి, అరగంటలో బయల్దేరాలి" అన్నారు. అందులో సగం మరుగుదొడ్డి క్యూలోనే గడిచింది.

కిలవేయా ఇకి గుండం అంచున నిలబడి చూస్తే, కింద నల్లటి నేల మీద మనుషులు బారుగా నడిచిపోతున్నారు. నాకంటే పెద్దవాళ్ళూ ఉన్నారు వాళ్ళలో. అక్కడికెలా వెళ్ళాలి బాబూ అని బస్సు నడుపుతూ గైడు పని కూడా చేస్తున్న కుర్రాణ్ణి అడిగితే, అది మన ప్యాకేజీలో లేదండీ అన్నాడు. పాపం, మాటకారి, విషయం తెలిసినవాడే. అతనికి ఇచ్చిన టైమే అంత. మాట్లాడాల్సిందంతా స్టీరింగు పట్టుకునే మాట్లాడాడు, మేమంతా అతని వీపు చూస్తూ విన్నాం.

తర్వాత అమ్మాయీ అల్లుడూ కారులో తీసుకెళ్ళినప్పుడు ఆ దారిన నేనూ నడిచాను. మీ వ్యాసంలో దాని పేరైనా లేదు. చుట్టు తిరిగి వచ్చే దారి, ఐదు కిలోమీటర్ల పైచిలుకు. రెండు మూడు గంటలు పడుతుంది. చెట్ల నీడన, పెద్ద పెద్ద ఫెర్నుల మధ్య దాదాపు 400 అడుగులు దిగుతాం. అడవి ఒక్కసారిగా ఆగిపోయి నల్లటి మైదానం మొదలవుతుంది. 1959 నవంబరులో అక్కడ నేల బద్దలై, ఐదు వారాల పాటు లావా విడతలు విడతలుగా ఎగసింది. ఒక విడతలో 1,900 అడుగుల ఎత్తుకు లేచింది. గుండం నిండి చెరువైంది. పైన మీగడ కట్టి లోపల సలసల కాగే పాలలా ఉన్న ఆ చెరువు పొరకు శాస్త్రజ్ఞులు బోర్లు వేసి, ఎంత చల్లారిందో ఏళ్ళ తరబడి కొలిచారు. అడుగుదాకా గట్టిపడడానికి ముప్పై ఏళ్ళకు పైనే పట్టింది. ఇప్పటికీ వాన నీళ్ళు పగుళ్ళలోకి దిగి, లోపలి వేడికి ఆవిరై పైకొస్తాయి. ఆ ఆవిరికి నా కళ్ళద్దాలు మసకబారాయి. ఇది బస్సు కిటికీలోంచి తెలుస్తుందా?

గైడు లేకపోతే దారి తప్పుతారట, మీ వ్యాసకర్త మాట! గుండం అడుగున దారి పొడవునా రాళ్ళు పేర్చి పెట్టారు, వాటిని పట్టుకుని వెళ్తే చాలు. సరదాకి సొంతంగా రాళ్ళు పేర్చకండి, వెనకొచ్చేవాళ్ళు తప్పుదారి పడతారు అని బోర్డు కూడా ఉంది. ఎక్కేటప్పుడు ఆయాసం వచ్చిన మాట నిజమే. ఆగాను, నీళ్ళు తాగాను, ఎక్కాను. మోకాళ్ళు బొత్తిగా సహకరించని వాళ్ళకు డెవస్టేషన్ ట్రెయిల్ ఉంది, చదునైన తారుదారి, చక్రాల కుర్చీ కూడా పోతుంది. ఇక గైడే కావాలంటారా, పార్కు రేంజర్లు చేయించే నడకలకు విడిగా పైసా కట్టక్కర్లేదు. ఆ రోజు ఏవి ఉన్నాయో స్వాగత కేంద్రంలో అడిగితే చెబుతారు. మేం వెళ్ళినప్పుడు కారుకు 30 డాలర్లు, వారం రోజులు చెల్లింది. ఇవి రాయడానికి మీకు చోటు లేదు, టూరు ధరల పట్టికకు మాత్రం పావు పేజీ ఉంది.

లావా కళ్ళారా చూడొచ్చు అన్న హామీ ఒకటి! కిలవేయా అగ్నిపర్వతం మీద 2024 డిసెంబరులో మొదలైన విస్ఫోటనమే కొన్ని గంటలు ఎగసి, మళ్ళీ రోజుల తరబడి ఆగి, ఇలా విడతలుగా సాగింది. అక్కడివాళ్ళు అగ్నిపర్వత దేవతగా కొలిచే పేలే దేవి మీవారి టైంటేబుల్ చూసుకుని రాదు. 1912 నుంచి ఆ కొండకు కాపలా కాస్తున్న అబ్జర్వేటరీ ఇచ్చే సమాచారం చూసి బయల్దేరండి అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. గుండం అంచు ఉన్నది నాలుగు వేల అడుగుల ఎత్తున, చలి, జల్లులు. బీచి బట్టలు చాలన్న ముక్క చదివి నవ్వొచ్చింది.

ఆ దేవిని "అక్కడివాళ్ళ మూఢనమ్మకం" అని తేల్చేయడం చదివితే మాత్రం నవ్వు రాలేదు. సముద్రం వైపు దిగే దారిలో పూ'ఉలోవా అనే చోట లావా బండల మీద 23,000కు పైగా చెక్కడాలున్నాయి. పుట్టిన బిడ్డ బొడ్డుతాడును అక్కడ రాతిలో తొలిచిన గుంటలో పెట్టేవారు, నిండు నూరేళ్ళు బతకాలని. బొడ్డూడితే దాచిన ఇళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళం, మనకు అది మూఢనమ్మకంగా కనబడిందా? ఆ బండల మీంచే రాయి ఏరుకు రమ్మంటున్నారు మీరు. జాతీయ పార్కులో రాయి తీయడం అక్కడి చట్టం ప్రకారం నేరం. పేలే శాపం తగిలిందని భయపడి, తీసుకెళ్ళిన రాళ్ళను క్షమాపణ ఉత్తరాలతో పోస్టులో వెనక్కి పంపేవాళ్ళు ఏటా ఉంటారు. శాపం సంగతి వదిలేయండి, జరిమానా ఎవరు కడతారు? మీ పత్రికా?

ఇంకొకటి. మన ప్రాంతానికీ అగ్నిపర్వతాలకూ సంబంధమే లేదని మొదటి పేరాలోనే రాశారు. నేను ఉండేది కాతేరు దగ్గర. మా నేల కింద ఉన్న నల్లరాయి లావాయే! గోదావరికి ఇవతల కాతేరు, అవతల పంగిడి, గౌరీపట్నం. భూగర్భ శాస్త్ర పుస్తకాల్లో రాజమండ్రి ట్రాప్స్ అని దీనికి పేరే ఉంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ళనాటిది. పశ్చిమ కనుమల వైపు పుట్టి వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడిదాకా వచ్చిందని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ పొరల మధ్య గవ్వల శిలాజాలున్నాయి. సోషల్ టీచరుగా పనిచేసిన రోజుల్లో పిల్లల్ని తీసుకెళ్ళి చూపించేదాన్ని. ఇప్పుడు వెళ్తే క్రషర్లు, టిప్పర్లు, కళ్ళలో దుమ్ము. ఒక బోర్డు లేదు, నడిచే దారి లేదు. ఆ క్వారీల పేరు మీ పేపర్లో టిప్పరు బోల్తా పడినప్పుడే కనిపిస్తుంది. హవాయి దాకా వెళ్ళిన మీ విలేకరికి గోదావరి వంతెన దాటడం కష్టమా?

సరే, ఆ సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను. టూర్లు అసలే వద్దని నేననను. కారు తోలేవాళ్ళు లేనివాళ్ళకు బస్సే గతి. అలాంటివాళ్ళు టిక్కెట్టు కొనేముందు, పార్కు లోపల ఎంతసేపు ఉంచుతారు, ఎంత దూరం నడిపిస్తారు అని అడగాలి. దుకాణాల పేర్లు గడగడా చెప్పి ఈ రెండిటికీ నీళ్ళు నమిలేవాళ్ళకు డబ్బు కట్టొద్దు. వచ్చే ఆదివారం ఇదైనా వేయండి. అంతకన్నా ముందు ఆ నల్లరాయి సలహాకు సవరణ వేయండి, వేసినంత పెద్ద బాక్సులోనే. మా వీధిలో ఒకాయన వచ్చే నెల వెళ్తున్నారు, బ్యాగులో రాయికి చోటు ఉంచుకున్నానని నిన్ననే చెప్పారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
కాతేరు, రాజమహేంద్రవరం