రంగస్థలం మీది పఠాను

చారిత్రక పద్యనాటకములో పఠాను ప్రవేశింపగానే ప్రేక్షకులు నవ్వుటకు సిద్ధపడుదురు. గుబురు గడ్డము, ఎర్రని కండ్లు, విరిగిన తెలుగు. పద్యము మాత్రము ఎదుటి వీరునిది. రాగము తీసినవాడే మగవాడు, అరచినవాడు పరాయివాడు! నాటకపోటీలలో మన విద్యార్థులకు తరచు దక్కునది ఆ వేషమే. మా అభ్యంతరము వేషమునకు కాదు, దానిని తీర్చిన తీరునకు.

కోలాచలం శ్రీనివాసరావుగారి 'రామరాజు చరిత్ర'లో పఠాన్ రుస్తుంగా నటించి బళ్ళారి రాఘవ గొప్ప పేరు పొందినారు. అంతటి నటుడు ధరింపదగిన పాత్ర అది. 'రోషనార'లో మొగలు రాజకుమారిగా స్థానం నరసింహారావుగారు మెప్పించినారు. ఆ కథతో మాకు ఏకీభావము లేదు, నటన వేరు. పురుషుడు స్త్రీ కాగలిగిన రంగస్థలముపై మతమెట్లు అడ్డగును?

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజర్‌గారు పల్నాటి యుద్ధమును, అల్లూరి సీతారామరాజు కథను బుర్రకథగా గానము చేసినారు; 1986లో పద్మశ్రీ అందుకొన్నారు. సీతారామరాజు నాజర్ కంఠమున పలుకుటేమని ఏ పల్లెలోనైనను అడిగినట్లు మేము వినలేదు.

కళాశాల కమిటీవారికి మా మనవి: బొబ్బిలి కథ ఆడించునప్పుడు తాండ్ర పాపారాయుని వేషమునకు పేరు చూడక గొంతు చూచి ఎంపిక చేయుడు. హైదరు జంగునకు కూడ ఒక మంచి పద్యము వ్రాయించుడు.